గుండెలో మర్మర్ ఉన్న పిల్లికూనకు ఆపరేషన్ ఎప్పుడు?

ఎనిమిది, తొమ్మిది వారాల పిల్లికూనకు తొలి టీకా వేయించబోతే, డాక్టరు స్టెతస్కోపుతో విని గుండెలో 'మర్మర్' ఉందని చెప్పడం అప్పుడప్పుడూ జరిగేదే. రక్తం సాఫీగా సాగక సుడులు తిరిగినప్పుడు, లబ్-డబ్ చప్పుళ్ల నడుమ వినిపించే బుస్సుమనే శబ్దం అది. ఆ మాట చెవిన పడగానే, నాలుగైదు నెలలకు చేయించాల్సిన పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సంగతి ప్రశ్నగా మారుతుంది. మత్తుమందును ఆ చిన్న గుండె తట్టుకుంటుందా? భయంతో కొందరు ఆపరేషన్ ఊసే ఎత్తరు. ఇంకొందరు ఏ పరీక్షా లేకుండా చేయించేస్తారు. రెండూ పొరపాట్లే.

మర్మర్ అనేది జబ్బు పేరు కాదు. పెరిగే వయసులో కొన్ని కూనలకు ఏ లోపమూ లేకుండానే ఈ శబ్దం సన్నగా వినిపించి, నాలుగైదు నెలలు నిండేసరికి దానంతటదే పోతుంది. బొచ్చులో రక్తం పీల్చే పురుగులు, కడుపులో పురుగులు పట్టి రక్తహీనత వచ్చినా వినిపిస్తుంది. వైద్యం చేసి రక్తం పట్టాక తగ్గిపోతుంది. ఆసుపత్రిలో బెదిరిన పిల్లి గుండె నిమిషానికి రెండు వందలకు పైగా కొట్టుకుంటున్నప్పుడు వినిపించి, నెమ్మదించాక మాయమయ్యేదీ ఉంది. వీటితో పాటు పుట్టుకతో వచ్చే అసలు లోపాలున్నాయి: గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం, కవాటాలు సరిగా ఏర్పడకపోవడం వంటివి.

శబ్దం తీవ్రతను డాక్టర్లు 1 నుంచి 6 వరకు గ్రేడులుగా చెబుతారు. నాలుగు, ఆపైన ఉంటే లోపం ఉండే అవకాశం ఎక్కువ. అయితే శబ్దాన్ని బట్టి జబ్బు ఎంత పెద్దదో తేల్చలేం. గొట్టం మూతిని వేలితో నొక్కితే నీళ్లు చప్పుడు చేస్తూ చిమ్మినట్టే, చిన్న రంధ్రం గుండా ఉరవడిగా దూకే రక్తం పెద్ద శబ్దం చేస్తుంది. పెద్ద రంధ్రం ఉన్నచోట శబ్దం తక్కువగానూ ఉండొచ్చు.

పిల్లుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే గుండెజబ్బు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. ఇందులో గుండె ఎడమ కింది గది గోడలు మందమై, లోపల రక్తం నిండే చోటు తగ్గిపోతుంది. ఇది సాధారణంగా పెద్దయ్యాకే బయటపడుతుంది. ఉన్నా మర్మర్ వినిపించని పిల్లులు చాలా ఉన్నాయి. మెయిన్ కూన్ జాతిలో దీనికి కారణమయ్యే జన్యుమార్పును 2005లో, రాగ్‌డాల్ జాతిలో 2007లో గుర్తించారు. ఆ రెండు జాతులకూ జన్యుపరీక్ష ఉంది. అసలు విషయం తేల్చేది మాత్రం గుండె అల్ట్రాసౌండ్, అంటే ఎకో. దాన్ని జంతువుల గుండె చూసి అలవాటున్న డాక్టరే చేయాలి. గుండె మీద ఒత్తిడిని తెలిపే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష సాయపడుతుంది గానీ ఎకోకు బదులు కాదు.

కూన చురుగ్గా ఆడుకుంటూ, బాగా తింటూ, బరువు పెరుగుతూ, మర్మర్ సన్నగా ఉంటే కంగారు అక్కర్లేదు. టీకాలకు వెళ్లిన ప్రతిసారీ వినిపించుకుంటూ, పదహారు నుంచి ఇరవై వారాల మధ్య మళ్లీ పరీక్ష చేయిస్తే చాలు. శబ్దం పోతే ఆపరేషన్ మామూలుగానే చేయించవచ్చు. పోకపోతే, లేదా మొదటినుంచీ గట్టిగా ఉంటే, మత్తు ఇచ్చే ముందే ఎకో చేయించాలి. ఎదుగుదల లేకపోవడం, కాసేపటికే అలసిపోవడం, నోరు తెరిచి రొప్పడం, చిగుళ్లు నీలంగా మారడం కనిపిస్తే ఆగకుండా అదే రోజు చూపించాలి.

ఎదురుచూడడానికీ ఓ హద్దుంది. ఆడపిల్లి నాలుగు నెలలకే ఎదకు రావచ్చు. చూలు దాదాపు తొమ్మిది వారాలు. అన్నాళ్లూ పెరిగిన రక్తాన్ని గుండె మోయాలి, ఆపైన ఈత, పాలివ్వడం. బలహీనమైన గుండెకు జాగ్రత్తగా ఇచ్చిన కాసేపటి మత్తుకన్నా ఇదే పెద్ద భారం. పైగా పుట్టుకతో వచ్చిన లోపం పిల్లలకూ సంక్రమించవచ్చు. ఆరు నెలలలోపు ఆపరేషన్ చేయిస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 91 శాతం తగ్గుతుందని 2005లో వెలువడిన పరిశోధన చెబుతోంది. అందుకే ఎకోలో లోపం చిన్నదని తేలితే వాయిదా వేయడంలో లాభం లేదు. గుండె వైఫల్యం మొదలైతే మాత్రం ముందు మందులతో కుదుటపరచాలి. అప్పటికీ ప్రమాదం ఎక్కువనుకుంటే ఆపరేషన్ మానుకుని, పిల్లిని ఇంటిపట్టునే, మగపిల్లులకు దూరంగా ఉంచాలి. మగకూనకు కడుపు కోయనక్కర్లేదు, పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి నిర్ణయం కొంత సులువు.

మత్తులో తేడా చాలా ఉంటుంది. కెటమిన్ గుండె వేగాన్ని పెంచుతుంది. గోడలు మందమైన గుండె నిండడానికి సమయం చాలదు కనుక అలాంటి పిల్లికి అది మంచిది కాదు. సెలైన్ మోతాదు మించితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పెద్ద పిల్లిలా కూనను రాత్రంతా పస్తుంచకూడదు, రక్తంలో చక్కెర పడిపోతుంది. ఎన్ని గంటలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ఒళ్లు చల్లబడకుండా వెచ్చగా ఉంచడం, గుండె లయ, రక్తపోటు, ఆక్సిజన్ చూసే పరికరాలు, మెలకువ వచ్చేదాకా పక్కనే ఒక మనిషి ఉండడం తప్పనిసరి. ఈ ఏర్పాట్లు లేనిచోట గుండెలోపం ఉన్న కూనకు ఆపరేషన్ చేయించకూడదు.

ఇంట్లో చేయాల్సింది ఒకటుంది. కూన గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ నిమిషానికి ఎన్నిసార్లు లేచి దిగుతోందో లెక్కపెట్టాలి. ముప్పై దాటుతూ ఉంటే డాక్టరుకు చెప్పాలి. మర్మర్ గ్రేడు, విన్న తేదీ, ఎకో ఫలితం టీకాల కార్డు మీదే రాయించుకోండి. మత్తు ఇచ్చేది వేరే డాక్టరైతే ఆ కార్డు ముందుగా ఆయన చేతికివ్వండి.