జీర్ణపట్టణోద్ధారము: హైదరాబాదు చార్‌మినారు విపణివీథులు

దేవాలయము, తటాకము, మండపము మొదలగునవి శిథిలములైనపుడు వానిని మరల బాగుచేయుటకు మన పూర్వులు జీర్ణోద్ధారమని పేరిడిరి. మయమతాది వాస్తుగ్రంథములయందు దీని విధానము ప్రత్యేకముగఁ జెప్పఁబడినది. శాసనములయందును జీర్ణోద్ధారము గొప్ప పుణ్యకార్యముగఁ గీర్తింపఁబడుట పండితులెఱిఁగినదే. ఒక్క కట్టడమునకుఁ జెప్పిన యీ విధిని, జనులు కాపురముండి బేరసారములు సాగించుచున్న పట్టణమునకు వర్తింపఁజేయుట యెట్లు? గుడిని బాగుచేయునపుడు దేవుని బాలాలయమునందుంచి పని సాగింపవచ్చును. పట్టణమును బాగుచేయునపుడు జనులను, వారి జీవనోపాధిని ఎచట నుంచవలయును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకయే పని కారంభించుటచేత నేక నగరములు చెడినవి. హైదరాబాదునందలి చార్‌మినారు పరిసరములను దృష్టాంతముగఁ గొని యీ విషయమును విచారింతము.

మొదట పట్టణస్వరూపమన నేమియో నిర్ణయించుకొనవలయును. మన ప్రబంధకవులు పురవర్ణనము చేయునపుడు కోటలను, మేడలను వర్ణించి యంతటితో నూరకుండలేదు. నాలుగు వర్ణములవారిని, పుష్పలావికలను, వర్తకులను, ఉద్యానములను గూడ వర్ణించిరి. వినుకొండ వల్లభరాయని పేరఁ బ్రసిద్ధమైన క్రీడాభిరామమునందు మంచనశర్మయు, టిట్టిభసెట్టియు నోరుగంటి వీథులఁ దిరుగుదురు. ఆ గ్రంథమువలన మనకుఁ దెలియవచ్చు నోరుగల్లు పూటకూటి యిల్లు, అంగడి, కోడిపందెము, ఆటపాటలు గల యోరుగల్లు. కోటగోడలు నేఁటికిని కొంత నిలిచియున్నవి; ఆ వీథుల జీవనము మాత్రము కావ్యమునందే మిగిలినది. కావున పట్టణస్వరూపము త్ర్యంగమని చెప్పవచ్చును: కట్టడము, వీథి, వృత్తి. ఈ మూఁడును నొండొంటి నాశ్రయించియుండును. అంగడి వెడల్పు చేయు పనినిబట్టియు, వీథి వెడల్పు వచ్చు జనమునుబట్టియు నేర్పడును. మూఁటిలో నొకదానిని మాత్రమే రక్షింపఁబూనినచో నదియును దక్కదు.

హైదరాబాదు 1591వ సంవత్సరమున గోలకొండ సుల్తానగు ముహమ్మదు కులీ కుతుబ్‌షాహిచే స్థాపింపఁబడెను. నగరవిన్యాసము నేర్పఱచినవాఁడు ఆతని పీష్వా యగు మీర్ మోమిన్ అస్తరాబాదీ యని ప్రసిద్ధి. రెండు రాజమార్గములు కలియు చతుష్పథమున చార్‌మినారు నిలిపిరి. దానికుత్తరమునఁ గొంతదూరమున నాలుగు కమానులను, వాని నడుమ గుల్జార్ హౌజు అను జలాశయమును గట్టిరి. చార్‌మినారునుండి పడమటికిఁ బోవునది గాజులకుఁ బేరొందిన లాడ్ బజారు. నైరృతిదిశను 17వ శతాబ్దమున నారంభింపఁబడిన మక్కామసీదు కలదు. నేఁటికిని జనులు నడచుచున్నది యీ పూర్వవిన్యాసము ననుసరించియే. అనఁగా నగరమునకు మూలపాఠము వీథులయందే నిలిచియున్నది.

ఈ మూలపాఠమునకుఁ బిదపటి కాలమువారు చేసిన చేర్పులన్నియుఁ బ్రక్షిప్తములని త్రోసివేయఁదగినవి కావు. 1908 సెప్టెంబరునందు మూసీనది వఱదచే నగరములోఁ జాలభాగము నశించెను. అనంతరము నగరాభివృద్ధికై ప్రత్యేకమొక బోర్డు ఏర్పడి, వీథులను వెడల్పుచేయుట, ఇరుకైన పేటలను జక్కఁబఱచుట మున్నగు పనులు సాగించెను. మదీనాభవనమునుండి నాలుగు కమానులవైపుఁ బోవు పత్తర్‌గట్టి యా కాలపు నిర్మాణమే. మార్గమున కిరువైపుల ఱాతికమానుల వరుసలు, క్రింద నంగళ్లు, మీఁద నివాసములు నుండునట్లు దానిని గట్టిరి. అది క్రొత్తది, ఐనను ప్రక్కనున్న ప్రాఁతదానితో మైత్రి చెడకున్నది. దాని కమానులు చార్‌మినారు కమానులకుఁ బ్రతులు కాకున్నను, ఎత్తు, నీడ, నడచువాని కనువగు కొలఁత అను గుణములచేత నా కుటుంబమునకే చెందినవి. నేఁడు ముత్యాల వర్తకము, వస్త్రవర్తకము నచట సాగుచున్నవి. కావున మార్పునకు స్థానము లేదని వాదించుట చరిత్రమునకు విరుద్ధము. ఎట్టి మార్పు తగునో నిర్ణయించుటయే పరిష్కర్తపని.

ఇంతటి నగరభాగము జీర్ణించుటకుఁ గారణములు కొన్ని స్పష్టములు. ప్రభువర్గమువారి దేవిడీలు జాగీరుల యాదాయముచేఁ బోషింపఁబడుచుండెను. 1949లో జాగీరులు రద్దయిన పిమ్మట నా యాధారము పోయెను. విశాలభవనములు వారసులమధ్య ముక్కలై, కొన్ని విక్రయింపఁబడి, కొన్ని గిడ్డంగులై, కొన్ని నేలమట్టమయ్యెను. ధనికులు, కార్యాలయములు మూసీకి నుత్తరమునకును, పిదప పశ్చిమమునకును దరలిపోయిరి. మిగిలినవారికి నింటిని బాగుచేయు శక్తి లేదు. కౌలుదారుఁడు తనది కాని గోడమీఁద ధనము వెచ్చింపఁడు. యజమానుఁడు స్వల్పమగు నద్దెతో గోడను నిలుపఁజాలఁడు. దీనికిఁ దోడు పాదచారులకై యేర్పడిన మార్గములలో మోటారుబండ్లు నిండెను. ఇట్లు కట్టడము శిథిలమగుటకు ముందే దాని పోషణవిధానము శిథిలమైనది. వైద్యము కారణమునకుఁ జేయవలయునుగాని లక్షణమునకుఁ గాదు.

ఈ విషయమునఁ బూర్వపక్షములు రెండు కలవు. ఇరుకు వీథులు కాలమునకుఁ దగవు, కూల్చి వెడల్పు చేయవలయునని మొదటివారి మతము. మార్గవిస్తరణమున నింటి ముంగిటిభాగము, అనఁగా నరుగులు, కమాను, చెక్కడపు వాకిలి, మొదటఁ బోవును. స్వరూపమంతయు ముంగిటనే యున్నది గదా. వెడల్పయిన మార్గమునకు మఱిన్ని బండ్లు వచ్చును, ఇరుకు తీఱదు.

ఉన్నదున్నట్లు నిలిపి, జనులను వెలికిఁ బంపి, యాత్రికులకుఁ జూపవలయునని రెండవవారి మతము. దీని ఫలితమునకు వెనీసునగరమే సాక్షి. ఆ ద్వీపనగరమున 1951లో సుమారు 1,75,000 మంది నివసించుచుండిరి. 2022 నాఁటికి 50,000 మందికంటెఁ దక్కువయైరి. సౌధములన్నియు నిలిచియున్నవి, అవి బసలై, వింతవస్తువుల యంగళ్లై మాఱినవి. రొట్టెలవాఁడు, వడ్రంగి, బడిపిల్లలు నున్నచోటనే నగరము. వారు పోయినచో మిగులునది నగరపు బొమ్మ.

ఇఁక సిద్ధాంతము. మన పరిషత్పండితులకుఁ జిరపరిచితమగు గ్రంథపరిష్కరణధర్మము నిచ్చట నన్వయించుకొన్నచో మార్గము సుగమమగును. తాళపత్రగ్రంథమును బరిష్కరించువాఁడు ప్రతులను బోల్చి చూచును, లేఖకదోషమును దిద్దును, శిథిలమైన చోట గ్రంథపాతమని చుక్కలుంచునుగాని తాను పద్యము వ్రాసి మూలకవి పేరఁ జొప్పింపఁడు. కట్టడముల రక్షణకై 1964లో వెనీసునందుఁ గూడిన విద్వాంసులు చేసిన నిర్ణయములలోను నిట్టి ధర్మమే కలదు: ఊహ యారంభమగుచోట పునరుద్ధరణము నిలిచిపోవలయును. లేని కమానును దలఁపునకు వచ్చినట్లు కట్టి, ప్రాచీనమని చూపుట ప్రక్షిప్తమే. అవసరముచేఁ గట్టినదానిని క్రొత్తదిగనే తెలియునట్లు, ఐనను బ్రాఁతదానితోఁ బొందునట్లు కట్టుట యుత్తమమార్గము.

కట్టడములయందు రెండవ ధర్మము ద్రవ్యసామ్యము. కుతుబ్‌షాహీల కట్టడములయందు డంగుసున్నము, గచ్చుపని ప్రధానములు. గచ్చు, గోడలోఁ జేరిన తేమను మెల్లగ వెలికిఁ బోనిచ్చును. సిమెంటు గట్టిది, తేమను లోపల బంధించును. అపుడు లోని లవణములు పేరుకొని యిటుకయు ఱాయియుఁ బొట్టులుగ రాలును. గచ్చు తాను జీర్ణించి ఱాతిని గాపాడును. సిమెంటు తాను నిలిచి ఱాతిని జంపును. కావున గచ్చుపనికిఁ గాలానుసారముగ మరామతు తప్పదు. 2019 మే నెలయందు చార్‌మినారు మినారు నొకదానినుండి గచ్చుముక్క యూడిపడుట యిందుకు హెచ్చరిక. అట్టి మరామతు చేయఁగల మేస్త్రీలు తగ్గిపోవుచున్నారు. కట్టడమును రక్షించుటయు, ఆ చేతిపనిని రక్షించుటయు నొకే కార్యమని దీనివలన స్పష్టమగుచున్నది.

మూఁడవది, అన్నిటికంటెఁ గఠినమైనది, వృత్తిరక్షణము. లాడ్ బజారు లక్కగాజులనే చూతము. లక్కను బొగ్గుల కుంపటిమీఁద మెత్తపఱచి, రంగు కలిపి, మర్దించి, కడ్డీగఁ జేసి, గుండ్రముగ వంచి యతుకుదురు. వేఁడి యాఱక మునుపే యద్దపు ముక్కలను, ఱాళ్లను, పూసలను జేతితో నొకటొకటిగఁ బొదుగుదురు. ఈ పనిలోఁ జాలభాగము చుట్టుపట్ల గల్లీలలోని యిండ్లయందు జరుగును. స్త్రీలును దానియందుఁ బాల్గొందురు. అంగడివాఁడు కొనువారి యభిరుచిని గనిపెట్టి పనివానికి వెంటనే తెలుపును. పనివాఁడు తన సరకును నడచియే తెచ్చి యిచ్చును. ఈ సామీప్యమే యా వర్తకమునకుఁ బ్రాణము. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళికగుర్తింపు లభించినది. అది పేరును రక్షించును. పనివాని యద్దెను రక్షింపఁజాలదు. వీథి యందముచేయఁబడి యద్దె పెరిగినచో మొదటఁ దొలఁగువాఁడు పనివాఁడే. అపుడు వేఱొకచోటి యంత్రములపైఁ జేసిన గాజులు ప్రాచీనశోభగల యంగళ్లలో నమ్ముడువోవును. ఛత్తాబజారునందలి యుర్దూలేఖకులకును, అత్తరువర్తకులకును నిదియే భయము.

దీనికిఁ బ్రతిక్రియ లేకపోలేదు. ఇటలీదేశమందలి బొలోన్యా నగరపాలకసంఘము 1973లో నొక ప్రణాళికను స్వీకరించెను. ప్రాచీనకేంద్రమునందలి శిథిలగృహములనే ప్రజాగృహములుగ బాగుచేసి, అచటి శ్రామికకుటుంబములను అచటనే నిలుపుట దాని యుద్దేశము. స్వాధీనపఱచుకొనుటకు యజమానుల ప్రతిఘటన యేర్పడఁగా, మరమ్మతునకు ధనసహాయము చేసి, ప్రతిగ నద్దెను బరిమితము చేయు నొడంబడికల మార్గము ననుసరించిరి. కట్టడముతోఁ గూడ మనుష్యుని సంరక్షింపవలయునను సూత్రము కార్యరూపము దాల్చిన సందర్భములలో నిది ముఖ్యమైనది.

మన దేశముననే అహమ్మదాబాదు వేఱొక మార్గము చూపినది. 1411లో స్థాపింపఁబడిన యా నగరమునందు పురపాలకసంఘము 1996లోఁ బ్రాచీనసంపదకై ప్రత్యేకవిభాగము నేర్పఱచెను. 1997 నవంబరులో ప్రాచీనవీథులగుండ నడిపించి చూపు పాదయాత్ర నారంభించెను. 2017లో నానగరము ప్రపంచవారసత్వపట్టిక కెక్కెను. ఎత్తుగఁ గట్టు హక్కును వదలుకొని ప్రాఁతయింటిని నిలుపుకొన్న యజమానుఁడు ఆ హక్కును వేఱొకచోటఁ గట్టుకొనువాని కమ్ముకొనవచ్చును. వచ్చిన ధనము మరమ్మతున కక్కఱకు వచ్చును. త్యాగము చేయుమని యొక్కనికే చెప్పక, త్యాగమునకు మూల్య మేర్పఱచుట యిందలి న్యాయము. ఐనను అచటఁ గూడ నిండ్లు గిడ్డంగులగుట యాగలేదు. కావున నద్దెనుగూర్చిన యొడంబడిక లేక కేవలము ధనసహాయము చాలదు.

హైదరాబాదునందు చట్టరక్షణ మొకేరీతిగ సాగలేదు. 1995లో నగరాభివృద్ధినిబంధనలయందలి 13వ నిబంధనననుసరించి పెక్కు కట్టడములు రక్షణపట్టికలోఁ జేర్పఁబడినవి. 2015లో నా నిబంధన తొలఁగింపఁబడెను. 2017లోఁ దెలంగాణ వారసత్వచట్టము వచ్చెను. చట్టములు ప్రధానముగ నొక్కొక్క కట్టడమును బేర్కొనునవి. వీథిని, అందలి వృత్తిని బేర్కొనునవి యరుదు. చార్‌మినారు చుట్టు బండ్లరాకపోకలను దగ్గించి, నేలకు ఱాతిపలకలు పఱచుట మంచి యారంభమే. 1935 నాఁటి మొజంజాహీ మార్కెట్టు 2018 పిదప బాగుచేయఁబడి 2020 ఆగస్టులో మరలఁ దెఱవఁబడుటయు గమనింపఁదగినది. అడ్డముగ వెలసిన పందిళ్లను దొలఁగించి, ఱాతిని శుభ్రపఱచి, దానిని విపణిగనే యుంచిరి; ప్రదర్శనశాలగ మార్పలేదు.

ఇందుఁ బండితులకును, పాఠశాలోపాధ్యాయులకును గల ధర్మము స్వల్పము కాదు. ప్రతులు లేనిచోఁ బరిష్కర్త యూహను శరణు చొచ్చును. నగరమునకుఁ బ్రతులన నెవ్వి? వీథినామములు, శిలాఫలకములు, క్రయపత్రములు, ప్రాఁతపటములు, పనివారి నోట నున్న పరికరనామములు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయపదములతో మాండలికవృత్తిపదకోశము వెలువరించినది. లక్కగాజులు, వెండిరేకు, గచ్చుపని, అత్తరు మున్నగు వృత్తులకు, తెలుఁగు, దక్కనీ రూపములు రెండును గలుగునట్లు, అట్టి కోశము నిర్మించుట యవసరము. ప్రతి పాఠశాలయందును పైతరగతుల విద్యార్థులు తమ వీథిలోని యొక్క యింటి కొలఁతను, ఒక్క పనివాని మాటలను వ్రాసికొన్నచో, రేపు బాగుచేయువానికి నాధారముండును. కూల్చఁబూనువానికి నెదురు చెప్పుటకును సాక్ష్యముండును. గచ్చు రాలుట కండ్లకుఁ గానవచ్చును. కుంపటి యాఱుట కానరాదు. రెండవదానినే ముందుగఁ గనిపెట్టవలయును.