మంచు బండికి కందెన

1934 చలికాలం. కెనడాలోని క్వెబెక్ రాష్ట్రంలో వాల్‌కూర్ అనే చిన్న ఊరు. అక్కడ గ్యారేజీ నడుపుకునే జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ రెండేళ్ళ కొడుక్కి అపెండిక్స్ ముదిరి ప్రాణం మీదికొచ్చింది. దారులన్నీ మంచుతో పూడుకుపోయాయి. ఆసుపత్రికి చేర్చే దారిలేక పిల్లవాడు దక్కలేదు. మంచు మీద నడిచే బండి కోసం కుర్రతనం నుంచే తంటాలు పడుతున్న ఆ మెకానిక్, రబ్బరు తొడిగిన పళ్ళచక్రంతో పట్టాను తిప్పే ఏర్పాటుకు 1937లో పేటెంటు పొందాడు. 1959లో ఆయన కంపెనీ తెచ్చిన ‘స్కీ-డూ’తో తేలికపాటి స్నోమొబైల్ మామూలు కుటుంబాల చేతికి వచ్చింది.

దారి మధ్యలో ఆగితే మనిషి ప్రాణానికే ముప్పు తెచ్చే బండి ఇది. దాన్ని ఆపడానికి ఇంజనే చెడిపోనక్కర్లేదు. గుప్పిట్లో పట్టే ఒక్క బేరింగు బిగుసుకుపోయినా చాలు.

నీళ్ళు దూరే దారి

స్నోమొబైల్‌కు ముందు రెండు స్కీలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా ఉంటాయి. పట్టా లోపల దాన్ని నేలకు అదిమి ఉంచే చిన్న చక్రాలు తిరుగుతుంటాయి. బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, 18 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న చక్రం నిమిషానికి 2,300 సార్లకు పైగా తిరగాలి. అదీ మంచులో మునిగి.

తిరిగే బేరింగు వేడెక్కుతుంది. బండి ఆగగానే చల్లబడుతుంది. లోపలి గాలి కుంచించుకుపోయి, సీలు అంచుల నుంచి బయటి తేమను లోపలికి పీల్చుకుంటుంది. పట్టాకు అంటిన మంచు షెడ్డులో కరిగి బొట్లు బొట్లుగా కారుతుంది. రాత్రి చలికి ఆ నీరే గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. తెల్లారి బండి తీస్తే చక్రం కదలదు. పట్టా మాత్రం దాని మీదుగా ఒరుసుకుంటూ పోతుంది. నీరు గడ్డకట్టకపోయినా తుప్పు ఎలాగూ పడుతుంది.

అందుకే ఇక్కడ గ్రీజు పని రాపిడి తగ్గించడంతో తీరిపోదు. నీరు దూరే ఖాళీలన్నీ నింపి కాపలా కాయడం కూడా దాని పనే.

గ్రీజులో ఏముంది?

గ్రీజంటే చిక్కటి నూనె కాదు. సబ్బు పోగుల అల్లికలో నూనెను పట్టి ఉంచిన పదార్థం. స్పాంజి నీటిని పట్టుకున్నట్టు ఆ పోగులు నూనెను పట్టుకుని, ఒత్తిడి పడ్డచోట కొంచెం కొంచెంగా వదులుతాయి. నూనె కారిపోతుంది, గ్రీజు అంటిపెట్టుకుని ఉంటుంది.

మన ఊళ్ళలో ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డిమసి కలిపి కందెన పెట్టేవారు. నేడు ఎక్కువగా వాడే లిథియం గ్రీజులో సబ్బుకు మూలమైన కొవ్వు ఆమ్లాన్ని కూడా ఆముదం నుంచే తీస్తారు. అంటే మన ఇరుసులకు రాసిన ఆముదమే రూపం మార్చుకుని క్వెబెక్ మంచులో చక్రాలను తిప్పుతోంది.

డిసెంబరులో సీసాలోని కొబ్బరినూనె పేరుకుపోవడం మనకు తెలిసిందే. మామూలు గ్రీజులోని ఖనిజ నూనె కూడా సున్నాకు 30 డిగ్రీల కిందికి పోతే అలాగే బిగుస్తుంది. అందులోని మైనం గడ్డకడుతుంది. గ్రీజుల చిక్కదనానికి ఇచ్చే అంకెలు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి, మంచుదేశపు రాత్రి గురించి అవేమీ చెప్పవు. అందుకని తీవ్రమైన చలికోసం మైనం లేని సింథటిక్ నూనెతో చేసిన గ్రీజు వాడతారు. వేర్వేరు సబ్బులతో చేసిన గ్రీజులను మాత్రం కలపకూడదు. అల్లిక చెదిరి పలచబడి కారిపోవచ్చు.

గ్రీజు గన్ పట్టినప్పుడు

బండి తిరిగొచ్చాక, లోపలి భాగాలు ఇంకా గోరువెచ్చగా ఉండగానే గ్రీజు కొట్టడం మంచిది. ముందుగా వెనక భాగాన్ని స్టాండు మీదికి ఎత్తాలి. బరువు మీద ఉన్నప్పుడు షాఫ్టు బుష్‌లో ఒకవైపు అదుముకుని ఉంటుంది, అటు గ్రీజు చేరదు. బరువు తీసేస్తే చుట్టూ పాకుతుంది. గ్రీజు ఎక్కించే నిప్పుల్‌ను గుడ్డతో తుడవాలి, లేకపోతే దాని మీది ఇసుకరేణువు గ్రీజుతోపాటే లోపలికి పోతుంది.

ఇక మెల్లగా నొక్కాలి. అంచు నుంచి మొదట ఒక నీటిబొట్టు జారుతుంది. తర్వాత నీరు కలిసి పాలలా తెల్లబారిన గ్రీజు, దాని వెనక తుప్పురంగు చార. చివరికి గన్‌లో ఉన్న రంగులోనే శుభ్రమైన గ్రీజు తొంగిచూస్తుంది. అప్పుడు ఆపాలి. సీలున్న బేరింగుల దగ్గర మరీ ఒత్తితే సీలే ఊడొస్తుంది. ఎన్ని కిలోమీటర్లకోసారి అన్నది బండితో వచ్చిన పుస్తకం చెబుతుంది. తడిమంచులో తిరిగిన రోజు మాత్రం లెక్క చూడకుండా కొట్టాలి.

గ్రీజు తగలకూడని చోటూ ఉంది. ఇంజను బలాన్ని అందించే బెల్టు, మన గేర్లులేని స్కూటర్లలో లాగే, పుల్లీల మధ్య పట్టుతోనే తిరుగుతుంది. జిడ్డు తగిలితే జారి కాలిపోతుంది. పట్టా జారే ప్లాస్టిక్ పట్టీలకూ గ్రీజు రాయరు, అక్కడ కందెన మంచే. రాపిడి వేడికి కరిగిన పలుచని నీటిపొర వాటిని చల్లబరుస్తూ జారిస్తుంది. మంచులేని గట్టి ఐసు మీద తోలితే ఆ పట్టీలు కరిగిపోతాయి. బేరింగులో పగవాడైన నీరే అక్కడ ఆప్తుడు.

ఏడాది మొత్తంలో ముఖ్యమైన గ్రీజు సీజను ముగిశాక కొట్టేదే. మంచు కరిగాక బండి నెలల తరబడి కదలకుండా షెడ్డులో పడి ఉంటుంది. లోపల మిగిలిన ఒక్క నీటిబొట్టుకు తుప్పు పట్టించడానికి ఎండాకాలమంతా సమయం దొరుకుతుంది. బండిని షెడ్డులో పెట్టేముందు ఆ బొట్టును బయటికి నెట్టేస్తే, మళ్ళీ డిసెంబరులో ఏ అర్ధరాత్రో ఎవరికైనా అవసరం పడితే, చక్రం మొదటి లాగుడుకే తిరుగుతుంది.