లవంగాల దీవులు

సులవేసి దీవికి తూర్పున, న్యూగినీకి పడమర, భూమధ్యరేఖకు ఇరువైపులా చెదరి ఉన్న దీవుల సముదాయమే మలుకు. నేడది ఇండొనేసియా దేశంలో భాగం. ఇందులోని టెర్నాటె, టిడోర్ దీవులను పటంలో వెదకి పట్టుకోవడమే కష్టం. అవి సముద్రంలో నుండి నిటారుగా లేచిన అగ్నిపర్వతాలు. వీటికి దక్షిణంగా, చాలా దూరాన, బాందా అనే చిన్న దీవుల గుంపు ఉన్నది.

అగ్నిపర్వతాల బూడిదతో సారవంతమైన ఈ నేలలో, పుష్కలమైన వానలతో రెండు వృక్షాలు పెరిగాయి. టెర్నాటె ప్రాంతంలో లవంగం, బాందాలో జాజి. లవంగం పువ్వూ కాదు, కాయా కాదు, విచ్చుకొనని మొగ్గ. దానిని సకాలంలో కోసి కొన్నాళ్లు ఎండబెడితే నల్లబడి గట్టిపడుతుంది. జాజి పండును చీల్చితే లోపలి గింజ జాజికాయ, దానిని వలవలె చుట్టుకొని ఉండే ఎర్రని పొర జాపత్రి. 18వ శతాబ్ది వరకు ప్రపంచంలోని లవంగాలు, జాజికాయలు దాదాపు అన్నీ ఈ ప్రాంతం నుండి వెళ్లినవే. కాళిదాసు రఘువంశంలో కళింగ తీరాన్ని వర్ణిస్తూ అన్య ద్వీపాల నుండి వచ్చే లవంగాలను ప్రస్తావించాడు. ఆ ద్వీపాలు ఎక్కడివో నాటి కొనుగోలుదారులలో ఎందరికి తెలుసు?

ఇంతటి సంపద ఉన్నా ఈ దీవులకు ఒక లోటు ఉండేది. కొండవాలులలో వరి పండదు. ప్రజల ముఖ్యాహారం సాగో చెట్టు బోదె నుండి తీసే పిండి. అదైనా చాలావరకు పొరుగునున్న పెద్ద దీవుల నుండి రావలసిందే. బియ్యం జావా నుండి, వస్త్రాలు గుజరాత్ నుండి, కోరమాండల్ తీరం నుండి వచ్చేవి. ఓడలు పడమటి ఋతుపవనాలతో వచ్చి, గాలి మారేవరకు నెలల తరబడి ఆగి, తూర్పు గాలులతో తిరిగి వెళ్లేవి. ఈ వ్యాపారంలో నాణేలకన్న బట్టకే విలువ ఎక్కువ. మచిలీపట్నం పరిసరాల నేతగాండ్రు నేసిన వస్త్రాలు ఇక్కడ లవంగాలకు మారకంగా చెల్లేవి. కోరమాండల్ వస్త్రాలు లేకుంటే మలుకులో వ్యాపారమే సాగదని 17వ శతాబ్ది తొలినాళ్లలోనే డచ్చి అధికారులు గుర్తించారు.

మన పూర్వులు బుడతకీచులన్న పోర్చుగీసువారు 1511లో మలక్కాను పట్టుకొని, మరుసటి ఏడే బాందా చేరారు. వారు టెర్నాటె రాజైన హైరూన్‌ను 1570లో హత్య చేయగా, ఆయన కుమారుడు బాబుల్లా 1575లో వారిని టెర్నాటె నుండి వెళ్లగొట్టాడు. డచ్చివారి పద్ధతి వేరు. 1602లో ఏర్పడిన వారి కంపెనీ జాజికాయలను తమకే అమ్మాలని బాందా పెద్దల చేత ఒప్పందాలు రాయించుకొన్నది. కాని అందుకు బదులుగా ప్రజలకు కావలసిన బియ్యం, బట్టలు తగినంతగా తేలేకపోయింది. తిండికోసం వారు జావా వర్తకులకు, ఆంగ్లేయులకు అమ్మక తప్పలేదు. దీనినే ద్రోహమని పేర్కొని, 1621లో యాన్ పీటర్‌స్జోన్ కూన్ సైన్యంతో బాందాపై పడ్డాడు. సుమారు 15,000 మంది ప్రజలలో అత్యధికులు కత్తికి, ఆకలికి బలియయ్యారు, కొందరు బానిసలయ్యారు, కొందరు పారిపోయారు. తోటలను డచ్చివారికి పంచి, దూర ప్రాంతాల నుండి తెచ్చిన బానిసలచేత పని చేయించారు. లవంగాల ధర పడిపోకుండా ఆంబోన్ ప్రాంతంలో తప్ప మిగిలినచోట్ల చెట్లను నరికివేయించారు. తమ తాతలు నాటిన చెట్లు తమ కన్నుల ముందే కూలడం చూడవలసి రావడం ఎంతటి శిక్ష!

1667లో బ్రెడా సంధి ప్రకారం బాందాలోని రన్ అనే చిన్న దీవి డచ్చివారికి మిగిలింది. మన్‌హటన్ ఆంగ్లేయులకు దక్కింది.

అయితే మొక్కలను ఎంతకాలం దాచగలరు? 1770లో పియెర్ పువావ్ర్ అనే ఫ్రెంచి అధికారి ప్రయత్నంతో లవంగం, జాజి మొక్కలు రహస్యంగా మారిషస్ చేరాయి. 19వ శతాబ్దిలో ఆఫ్రికా తీరాన ఉన్న జాంజిబార్ లవంగాలకు ప్రసిద్ధి కెక్కింది. ఇండొనేసియాలో లవంగాలు కలిపిన క్రెటెక్ సిగరెట్ల వాడకం పెరగడంతో, ఆ మొక్కకు పుట్టినిల్లయిన దేశమే 20వ శతాబ్దిలో చాలాకాలం జాంజిబార్ నుండి లవంగాలను కొనవలసి వచ్చింది. నేడు ప్రపంచంలో అత్యధికంగా లవంగాలు పండించే దేశం మరల ఇండొనేసియాయే. ఆ పంటలో అధికభాగం ఆ సిగరెట్లకే ఖర్చవుతున్నది.