పాత బండి కార్బురేటర్: మనమే బాగు చేసుకుందాం

సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి నాన్న పాత మోటారు సైకిలు గోడ పక్కన దుమ్ము పట్టి ఉంటుంది. ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్టు కాదు. "కార్బురేటర్ పోయింది, కొత్తది వేయాలి" అంటారు. తమ్ముళ్ళూ, చాలాసార్లు అది పోదు. మూసుకుపోతుంది, అంతే!

2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్ళు దాదాపు అన్నీ ఫ్యుయల్ ఇంజెక్షన్‌తో వస్తున్నాయి. అంతకుముందు కొన్న 100 సి.సి. బళ్ళలో ఎక్కువ భాగం కార్బురేటర్‌వే.

ఇది ఎలా పనిచేస్తుంది? గాలి ఇరుకు దారిలో వేగంగా పోయేటప్పుడు దాని పీడనం తగ్గుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివే బెర్నౌలీ సూత్రం ఇదే. అప్పుడు కింది గిన్నెలోని పెట్రోలు జెట్ గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. బండి నిలబడి ఉన్నప్పుడు స్లో జెట్, వేగంలో మెయిన్ జెట్ పెట్రోలు అందిస్తాయి. స్లో జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. వాడని బండిలో పెట్రోలు ఆవిరై జిగురు మిగిలితే ముందు మూసుకునేది అదే. చోక్ వేస్తే నడిచి, తీస్తే ఆగిపోతోందంటే అనుమానం దానిమీదే.

శుభ్రం చేసే ముందు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ చూడండి. ఇంజను చల్లారాక, ఆరుబయట, దగ్గర్లో బీడీ, దీపం లేకుండా పని మొదలుపెట్టండి. పెట్రోలు కాక్ కట్టేసి, గిన్నెలోని పెట్రోలు సీసాలోకి వంచండి. గాలి స్క్రూ తీసేముందు మెల్లగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోండి. బిగించేటప్పుడు అన్ని చుట్లే వెనక్కి విప్పాలి. జెట్లు ఇత్తడివి, మెత్తన. సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి. క్లీనర్ స్ప్రే కొట్టి, పంపుతో గాలి కొట్టండి. కళ్ళలో పడకుండా జాగ్రత్త. పిన్నీసు, తీగ మాత్రం దూర్చవద్దు. రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగేస్తుంది.

సెట్టింగ్ కోసం బండిని పది నిమిషాలు నడిపి వేడి చేయండి. స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజను ఎక్కడ వేగంగా, సాఫీగా ఆడుతుందో అక్కడ ఆపండి. తర్వాత స్లో స్క్రూతో వేగం తగ్గించండి. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే లోపలికి తిప్పినప్పుడు గాలి తగ్గుతుంది. ఇంజను వైపు ఉంటే పెట్రోలు తగ్గుతుంది. కొన్నాళ్ళు నడిపాక ప్లగ్ చూడండి. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ, లేత గోధుమ రంగయితే సరిగ్గా ఉన్నట్టు.

మూసిన గదిలో మాత్రం ఇంజను ఆడించవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది.

మళ్ళీ నెలల తరబడి బండి నిలిపేటట్టయితే కాక్ కట్టి గిన్నె ఖాళీ చేయమని ఇంట్లో చెప్పి రండి. బండి కదిలితేనే నాన్న పనికి పోగలిగేది!