మీకు తెలుసా? బస్సు ఎక్కడుందో తెలిస్తే ప్రయాణమే మారుతుంది

హైదరాబాద్‌లో ఆరాంఘర్ చౌరస్తా దాటి శంషాబాద్ వైపు వెళ్తుంటే బెంగళూరు హైవే మీద గగన్‌పహాడ్ వస్తుంది. విమానం అందుకోవాలని హడావుడిగా వెళ్లేవాళ్లు, ఫ్యాక్టరీ షిఫ్టులకు వచ్చేవాళ్లు, ఎయిర్‌పోర్టు ఉద్యోగులు అందరిదీ ఇదే దారి. వీళ్లలో చాలామంది ఇప్పుడు గడప దాటేముందు ఒకసారి ఫోన్ చూసుకుంటున్నారు. ఆ అలవాటు మన ప్రయాణాన్ని ఎలా మారుస్తోందో చెప్పే సంగతులివి.

నిమిషం గంటలా అనిపించేది ఇందుకే

అమెరికాలోని సియాటెల్‌లో బస్సుల రాకను చెప్పే 'వన్‌బస్‌అవే' యాప్ వచ్చాక, పరిశోధకులు స్టాపుల్లో నిలబడ్డవాళ్లను ఎంతసేపు ఆగారని అడిగారు. యాప్ చూసి వచ్చినవాళ్లు సగటున 7.5 నిమిషాలన్నారు, చూడనివాళ్లు 9.9 నిమిషాలన్నారు. 2011లో అచ్చయిన ఆ అధ్యయనంలో అసలు విశేషం వేరే ఉంది. యాప్ లేనివాళ్లకు, ఆగిన సమయం నిజంగా ఆగినదానికంటే ఎక్కువగా అనిపించింది. బస్సు వేగం ఇద్దరికీ ఒకటే. ఎప్పుడొస్తుందో తెలిసినవాళ్లు మాత్రం ఇంటి దగ్గర కాస్త ఆలస్యంగా బయల్దేరారు, స్టాపులో నిశ్చింతగా నిలబడ్డారు.

'గమ్యం' చెప్పే ఆచూకీ

మన తెలంగాణ ఆర్టీసీ 2023 ఆగస్టులో 'గమ్యం' యాప్ తెచ్చింది. బస్సులో అమర్చిన పరికరం తానెక్కడుందో పంపుతూ ఉంటుంది, దాన్నిబట్టి మన స్టాపుకు ఎంతసేపట్లో వస్తుందో యాప్ లెక్కగడుతుంది. ఇందులో మహిళల కోసం 'ఫ్లాగ్ ఎ బస్' అనే ఏర్పాటు పెట్టారు. రాత్రి 7 నుంచి ఉదయం 5 గంటల దాకా, స్టాపు లేని చోట కూడా బస్సు ఆపమని డ్రైవరుకు తెలిపే వీలు దీనితో కలుగుతుంది. సెకండ్ షిఫ్టు ముగించుకుని హైవే పక్కన ఒంటరిగా నిలబడే అమ్మాయికి ఇది ఎంత ధైర్యమో వేరే చెప్పాలా?

ఒక్క జాగ్రత్త. తెర మీద బస్సు గుర్తు కదలకుండా ఉందంటే బస్సు ఆగిందని కాకపోవచ్చు, సిగ్నల్ అందకపోయినా అలాగే ఉంటుంది. ఓ నిమిషం ఆగి మళ్లీ చూసి, గుర్తు ముందుకు జరిగితేనే ఆ లెక్కను నమ్మండి.

మ్యాప్‌లో ఎరుపు ఎక్కణ్నుంచి వస్తుంది?

రోడ్డు మీద వెళ్తున్నవాళ్ల జేబుల్లోంచి! ఫోన్లు ఎంత వేగంగా కదులుతున్నాయో చూసి గూగుల్ మ్యాప్స్ రద్దీని అంచనా వేస్తుంది. 2020లో జర్మన్ కళాకారుడు సైమన్ వెకర్ట్ ఓ చిన్న బండిలో 99 ఫోన్లు పెట్టుకుని బెర్లిన్ వీధుల్లో నెమ్మదిగా లాక్కుంటూ నడిచారు. ఖాళీ రోడ్డు మ్యాప్‌లో ఎర్రబారిపోయింది.

అడ్డదారి అందరికీ చూపిస్తే

ముందు జామ్ ఉందని యాప్ చెప్పగానే పక్క సందులోకి తిరుగుతాం. అదే సలహా వందలమందికి అందితే ఆ సందే జామ్ అవుతుంది. న్యూజెర్సీలోని లియోనియా అనే చిన్న ఊరు ఈ బాధ పడలేక, 2018 జనవరిలో రద్దీ వేళల్లో తన వీధుల్లోకి బయటి వాహనాలు రాకుండా ఆంక్షలు పెట్టింది. హైవే పక్క బస్తీల్లోంచి మ్యాప్ దారి చూపినప్పుడు, అక్కడ ఇళ్ల ముందు పిల్లలు ఆడుకుంటుంటారని గుర్తుంచుకోవాల్సింది మనమే.

విమానం తన ఆచూకీ తానే చెబుతుంది

శంషాబాద్‌లో దిగబోయే విమానం మీ తల మీదుగా వెళ్తూ, తానెక్కడున్నదీ సెకనుకు దాదాపు రెండుసార్లు రేడియోలో ప్రకటిస్తూ ఉంటుంది. ఆ సంకేతాలను నేల మీది రిసీవర్లు పట్టుకుంటాయి, ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లు మ్యాప్ మీద చూపిస్తాయి. దుబాయ్ నుంచి వచ్చే తమ్ముడి కోసం అర్ధరాత్రి గంటల తరబడి పడిగాపులు కాయనక్కర్లేదు. విమానం ఎంత దూరంలో ఉందో చూసుకుని ఇంటి నుంచి బయల్దేరవచ్చు.

మ్యాప్‌కు తెలియని చెరువు

2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగింది. వరద హైవేని ముంచెత్తింది. వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు పట్టాల్సి వచ్చింది. ఆ చెరువు స్థలంలో వెలసిన కట్టడాలను 2024 ఆగస్టు 31న చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ 'హైడ్రా' కూల్చివేసింది.

ఫోన్ల వేగం కొలిచే లెక్కకు చెరువు కట్ట ఎంత బలంగా ఉందో తెలియదు. రోడ్డు ఖాళీగా కనిపించినంత మాత్రాన క్షేమమని కాదు, నీళ్లొచ్చి జనం ఆగిపోయినా ఖాళీగానే ఉంటుంది. అందుకని గట్టి వాన పడేరోజు మ్యాప్‌తోపాటు ట్రాఫిక్ పోలీసుల ప్రకటనలు, వాతావరణ శాఖ హెచ్చరికలు తప్పకుండా చూడండి. రోడ్డు మీద నీరు పారుతుంటే, యాప్ ఏ దారి చూపినా, బండి వెనక్కి తిప్పండి.

ప్రభుత్వ శాఖలు చేయాల్సిందీ ఒకటుంది. చెరువుల నీటిమట్టం, రోడ్ల మూసివేత, దారి మళ్లింపు సమాచారం వెంటవెంటనే యాప్‌లకు అందాలి. స్మార్ట్‌ఫోన్ లేని కూలీలకు, పెద్దవాళ్లకు అదే సమాచారం బస్టాపుల్లో బోర్డుల మీద తెలుగులో కనిపించాలి. బస్సు ఎప్పుడొస్తుందో, దారి క్షేమమో కాదో తెలుసుకునే హక్కు టికెట్ కొన్న ప్రతి ఒక్కరిదీ.