‘చిన్న స్ట్రోకే’ అనుకున్నాం!

నాలుగేళ్ల కిందట ఓ ఉదయం అమ్మ ఫోన్. ‘నాన్న చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయిందిరా. మాట ముద్దముద్దగా వస్తోంది’ అంది. వెంటనే 108కి ఫోన్ చేయమన్నా. నేను హైదరాబాద్ నుంచి ఖమ్మం చేరేసరికి ఎమ్మారై కూడా తీసేశారు. మెదడు లోపల ఓ చిన్న మచ్చ. సెంటీమీటరు కూడా లేదు. అయిదో రోజుకి నాన్న నడుచుకుంటూ ఇంటికొచ్చేశారు. ‘చిన్న స్ట్రోకే, గండం గడిచింది’ అనుకున్నాం. పొరపాటంతా అక్కడే జరిగింది.

పెద్ద కాలువలో నీళ్లు పారుతున్నా, చివరి పిల్లకాలువ పూడిపోతే ఆ మడి ఎండిపోతుంది కదా! ఇదీ అంతే. మెదడు లోతుల్లోకి వెళ్లే సన్నటి రక్తనాళం మూసుకుపోతే వచ్చేదే ‘లాక్యునార్ స్ట్రోక్’. రక్తప్రసరణ ఆగడంవల్ల వచ్చే పక్షవాతాల్లో దాదాపు నాలుగోవంతు ఇవే. చాలామంది మొదట్లో బాగానే కోలుకుంటారు. కానీ మూసుకుపోయింది ఒక్క నాళమే అయినా, జబ్బు మిగతా సన్న నాళాల్లోనూ ఉంటుంది. బీపీ, షుగర్, సిగరెట్... వాటి గోడల్ని ఏళ్ల తరబడి దెబ్బతీస్తూ వస్తాయి.

ఆరునెలలు తిరక్కుండానే నాన్న బీపీ మాత్ర ఆపేశారు. ‘తల తిరగట్లేదు, ఇంకెందుకు?’ అన్నారు. నేనూ గట్టిగా అడగలేదు. రెండేళ్లకి తేడా తెలిసింది. కిరాణా కొట్లో లెక్కలన్నీ నోటితోనే చెప్పే మనిషి కాలిక్యులేటర్ వెతుక్కుంటున్నారు. అడుగులు చిన్నవయ్యాయి. ఎవరొచ్చినా పలకరించాలన్న ఆసక్తే లేదు. వయసు మీదపడుతోందిలే అని సరిపెట్టుకున్నాం. రెండో ఎమ్మారైలో కొత్త మచ్చలు కనిపించాయి. మాకు తెలియకుండానే వచ్చిపోయిన స్ట్రోకులవి!

‘పోనీ రక్తం పలచబడే మాత్రలు ఇంకోటి కలిపి ఇవ్వండి డాక్టరుగారూ’ అన్నా. ఆయన ఎస్‌పీఎస్3 అనే పరిశోధన గురించి చెప్పారు. ఇలాంటి స్ట్రోక్ వచ్చిన 3,020 మందిని ఏళ్లపాటు గమనించారట. ఆస్పిరిన్‌కి క్లోపిడోగ్రెల్ కలిపి దీర్ఘకాలం వాడినా మళ్లీ స్ట్రోక్ రావడం పెద్దగా తగ్గలేదు, రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. అదే, పై బీపీని 130 లోపు ఉంచాలని మందులిచ్చినవారిలో మెదడులో రక్తస్రావం సగానికి పైగా తగ్గింది. ‘మీ నాన్నగారికి కావాల్సింది కొత్త మందు కాదు, మానేసిన పాత మందే’ అన్నారు.

ఆ రోజే సరదాగా నేనూ చెయ్యి చాపా. 146/94. నాకు 29 ఏళ్లు. నొప్పీ లేదు, నీరసమూ లేదు. అర్ధరాత్రి బిర్యానీలు, చిప్స్ ప్యాకెట్లు, రోజుకి అరడజను సిగరెట్లు... లెక్క గుర్తొచ్చింది. వారంపాటు ఇంట్లో చూసుకున్నా దిగలేదు.

ఇప్పుడు సిగరెట్ లేదు. పెరుగన్నంలో ఉప్పు లేదు. రోజుకి మొత్తం ఉప్పు అయిదు గ్రాములు దాటొద్దంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మీ ఇంట్లోనూ ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి పట్టుతప్పినా, మాట తడబడినా ‘కాసేపు చూద్దాం’ అనకండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కి ఉన్న సమయం సాధారణంగా నాలుగున్నర గంటలే. తగ్గిపోయాక ‘చిన్నదే’ అని మందులూ మానేయనివ్వకండి.

పోయిన లెక్కలన్నీ నాన్నకి తిరిగి రాలేదు. కానీ రాత్రి ఎనిమిదింటికి మాత్రం తప్పకుండా ఫోన్ చేస్తారు. ‘నాది 128. నీదెంతరా?’ అని.