వాయిదాకు లొంగని జబ్బులు

2020లో లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో, గుణదలలోని సిద్ధార్థ వైద్య కళాశాలకు అనుబంధమైన విజయవాడ ప్రభుత్వాసుపత్రిని రాష్ట్రస్థాయి కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. ఆ నిర్ణయం ఎన్నో ప్రాణాలు నిలిపింది. అయితే మిగతా జబ్బులు ఊరుకోలేదు. ముఖ్యంగా మూత్రవ్యవస్థలో వచ్చే కొన్ని ఆపదలను గంటల్లోనే చక్కదిద్దాలి. మహమ్మారి కాలంలో కరువైంది సరిగ్గా ఆ గంటలే.

రాళ్ల కాలంలోనే లాక్‌డౌన్, రెండో ఉప్పెన

లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైంది. రెండో ఉప్పెన 2021 ఏప్రిల్, మే నెలల్లో ముంచెత్తింది. రెండూ నిండు వేసవిలోనే. కృష్ణా డెల్టా ఉక్కపోతకు ఒంట్లో నీరంతా చెమటగా పోయి మూత్రం చిక్కబడుతుంది. అందులోని కాల్షియం, ఆక్సలేట్ లవణాలు పలుకులు కట్టి రాళ్లవుతాయి. అందుకే ఎండాకాలంలో రాళ్ల నొప్పితో వచ్చేవారు ఎక్కువ.

రాయి మూత్రనాళంలో ఇరుక్కుంటే, తూముకు చెత్త అడ్డుపడిన పంట బోదెలా పైన నీరు నిలిచిపోతుంది. కిడ్నీ ఉబ్బుతుంది. ఆ నిలవ మూత్రంలో సూక్ష్మక్రిములు చేరితే చీము పట్టి, విషం రక్తంలోకి ఎక్కుతుంది. బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. మూసుకుపోయిన కిడ్నీలోకి యాంటీబయాటిక్ మందులు కూడా సరిగా చేరవు. ముందు ఆ మూత్రానికి దారి ఇవ్వాల్సిందే.

జ్వరం తెచ్చిన చిక్కు

ఈ స్థితికి ముఖ్య సంకేతం నడుం పక్క పోటుతో పాటు చలిజ్వరం. కానీ ఆ రోజుల్లో జ్వరమంటే కోవిడే అనుకున్నారు. ఆసుపత్రికి వెళితే అంటుకుంటుందని కొందరు ఇంట్లోనే మాత్రలతో సరిపెట్టుకున్నారు. వెళదామన్నా బస్సులు లేవు. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. అదే నెలలో తెలంగాణ సరిహద్దులో అంబులెన్సులను ఆపేస్తే అక్కడి హైకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ప్రపంచంలో చాలాచోట్ల ఇదే తీరు కనిపించింది. అత్యవసర విభాగాలకు వచ్చిన మూత్రవ్యాధుల రోగుల సంఖ్య తగ్గింది, వచ్చినవారిలో చాలామంది జబ్బు ముదిరాక వచ్చారు.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు

యూరప్ యూరాలజీ సంఘం 2020లో చికిత్సలను నాలుగు వరుసలుగా విడదీసింది. ఆరు నెలలు ఆగినా నష్టం లేనివి, మూడు నెలలు దాటకూడనివి, ఆరు వారాలు మించితే ముప్పు తెచ్చేవి, 24 గంటలు కూడా ఆగనివి. చీము పట్టిన కిడ్నీ చివరి వరుసలోది. అయినా రాయిని ఆ రోజే తీయక్కర్లేదు. మూత్రనాళంలో స్టెంట్ అనే లోపలి గొట్టం వేసో, వీపు వైపు నుంచి కిడ్నీలోకి సన్నని గొట్టం దించో మూత్రాన్ని బయటికి పంపితే ప్రాణం నిలుస్తుంది. వీపు వైపు గొట్టం వేయడానికి ఆ చోటు వరకు మత్తు చాలు. శ్వాసగొట్టం పెట్టే పని తప్పుతుంది కనుక వైరస్ వ్యాప్తి భయమూ తగ్గుతుంది.

అయితే స్టెంట్‌కు గడువుంది. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో తీయాలి లేదా మార్చాలి. వాయిదాలు పడేకొద్దీ దాని మీదే రాయి పేరుకుంటుంది. తేలిగ్గా తీయాల్సిన గొట్టానికి పెద్ద ఆపరేషన్ కావాల్సి వస్తుంది. ఆపదను దాటించిన ఉపాయమే మరో ఆపదకు కారణమవుతుంది.

గంటలు తెలిసి ఉండాలి

రాళ్లే కాదు, మరికొన్ని ఆపదలకూ గంటలే గడువు. కుర్రవాళ్లలో వృషణం మెలిపడితే రక్తప్రసారం ఆగిపోతుంది. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేస్తే దాదాపు ఎప్పుడూ దక్కుతుంది, 24 గంటలు దాటితే దక్కడం అరుదు. సిగ్గుపడి కడుపునొప్పి అని చెప్పే పిల్లలూ ఉంటారు, తల్లిదండ్రులు గుచ్చి అడగాలి. ప్రోస్టేట్ వాచి మూత్రం పూర్తిగా బిగుసుకుపోయిన పెద్దాయనకు ఆ పూటే పైపు వేయాలి.

ఇంకో మహమ్మారి వస్తే మనకు కావాల్సిన ఏర్పాట్లు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. ఒక ఆసుపత్రిని మహమ్మారికి కేటాయించిన రోజే, ఇలాంటి ఆపదలకు ఏ ఆసుపత్రికి వెళ్లాలో 108 సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు, ఊరి ఆర్‌ఎంపీలకు తెలియజేయాలి. స్టెంట్ వేసిన ప్రతి రోగి ఫోన్ నంబరు, తీయాల్సిన తేదీ ఒక రిజిస్టరులో ఉండాలి. గడువుకు ముందే ఆసుపత్రి నుంచి ఫోన్ వెళ్లాలి. ఈ పనులకు మహమ్మారి వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.